గిన్నె కొనేముందు పొయ్యి చూడండి

ఇంట్లోనే బీరు చేసుకుందామని నిర్ణయించుకున్నారు. నాలుగు వీడియోలు చూశారు, ఒక పుస్తకం తిరగేశారు, హోమ్‌బ్రూ సామాన్లు అమ్మే సైట్లో కార్ట్ నింపడం మొదలుపెట్టారు. మాల్ట్, హాప్స్, ఈస్ట్ దాకా చెయ్యి చకచకా నడిచింది. గిన్నె దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. 5 గ్యాలన్లది ఉంది, 8 ఉంది, 10 ఉంది, 15 కూడా ఉంది. ఏది తీసుకోవాలి?

చేయి తిరిగినవాళ్లని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే మాట: "కొనగలిగినంత పెద్దది కొనెయ్యి, తర్వాత బాధపడవు." చిన్నది కొని, ఆర్నెల్లు తిరక్కుండా ఇంకోటి కొన్నవాళ్లు ఇచ్చే సలహా ఇది. కాదనను. కానీ పెద్దది కొని, అది తమ స్టవ్ మీద మరగక, సింకులో పట్టక, గరాజ్‌లో ఓ మూలకి చేర్చినవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల సలహా మీ చెవిన పడదు. ఎందుకంటే వాళ్లు బీరు చేయడమే మానేశారు.

అందుకని సైజుల పట్టిక కాసేపు పక్కన పెట్టండి. మీ గిన్నె సైజు తేల్చేది ముందు మీ పొయ్యి. ఆ తర్వాత మీరు ఎంచుకున్న పద్ధతి. ఆ తర్వాత, నవ్వకండి, మీ నడుము.

లెక్కల్లోకి దిగేముందు చట్టం సంగతి ఒకటి చెప్పాలి. ఈ అధ్యాయం అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది. 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం 1979 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. సొంతానికి చేసుకునే బీరు మీద ఫెడరల్ పన్ను దాంతో పోయింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200. అమ్మడం మాత్రం కుదరదు. రాష్ట్రాల నియమాలు వేరే ఉంటాయి. మిసిసిపి, అలబామా 2013లో గానీ ఒప్పుకోలేదు. మీరున్న చోట ఏముందో ఒకసారి చూసుకోండి. ఇక, సెలవులకి వెళ్లినప్పుడు ఈ పుస్తకం పట్టుకుని విజయవాడలోనో వరంగల్‌లోనో పొయ్యి వెలిగించకండి. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం అక్కడ ఎక్సైజ్ చట్టం కింద నేరం. "ఇంట్లోకే కదండీ" అంటే ఎవరూ వినరు.

1. మీ బర్నర్ ఎంత మరిగించగలదో లెక్క కట్టండి

పూర్తి స్థాయిలో 5 గ్యాలన్ల బీరు చేయాలంటే మరిగించడం మొదలుపెట్టేటప్పుడు గిన్నెలో ఆరున్నర గ్యాలన్లు ఉండాలి. అంటే దాదాపు 24.6 లీటర్లు. కుళాయి నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే, వాటిని 100 డిగ్రీలకు తేవడానికి 2.3 యూనిట్ల కరెంటు కావాలి. మీ స్టవ్‌లో పెద్ద కాయిల్ 2,500 వాట్లదనుకుందాం. వేడంతా గిన్నెలోకే వెళ్లదు, కొంత పక్కల నుంచి పోతుంది. గంటా పావుకి పైనే పడుతుంది.

సరే, ఓపిక పడతారు. తర్వాతి సంగతేంటి? మరగడం మొదలయ్యాక గంటసేపు అది సలసలా మరుగుతూనే ఉండాలి. గంటకు ఒక గ్యాలన్ ఆవిరయ్యేంత జోరుగా మరగాలంటే ఆవిరి చేయడానికే దాదాపు 2,400 వాట్లు కావాలి. మీ కాయిల్ మొత్తం శక్తి 2,500. మధ్యలో పోయేది తీసేస్తే ఏం మిగిలింది? గిన్నెలో అక్కడక్కడా బుడగలు లేస్తుంటాయి, అంతే. హాప్స్ చేదు సరిగా దిగదు. ఉడికిన మొక్కజొన్న వాసన ఆవిరితో పోవలసింది బీరులోనే ఉండిపోతుంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే తప్పు మూత పెట్టడం. మూత పెడితే నిజంగానే బాగా మరుగుతుంది. కానీ పోవలసిన వాసన మూతకి తగిలి, నీటిబొట్టుగా మారి, మళ్లీ గిన్నెలోనే పడుతుంది. నీళ్లు కాగేదాకా మూత పెట్టండి, మరిగాక తీసెయ్యండి. కాస్త వారగా పెట్టడం మధ్యేమార్గం. అసలు మందు తక్కువ నీళ్లు పెట్టుకోవడమే.

అదే కాయిల్ మీద 3 గ్యాలన్లు పెట్టి చూడండి. నలభై నిమిషాల్లోపే మరుగుతాయి. కాబట్టి వంటింటి స్టవ్ మీద చేసేవాళ్లకి నా మాట ఇది: ఒక బర్నర్ మీద మరిగించేది మూడు, మహా అయితే మూడున్నర గ్యాలన్లు దాటనివ్వకండి. దానికి 5 గ్యాలన్ల గిన్నె చాలు. దుకాణాల్లో దాని మీద 20 క్వార్టులని రాసి ఉంటుంది. నాలుగు క్వార్టులు ఒక గ్యాలన్.

"మాది గ్యాస్ స్టవ్ కదా, 15,000 బీటీయూ" అంటారా? అంకె చూసి మురిసిపోకండి. మంట వేడిలో సగానికి పైగా గిన్నె పక్కల నుంచి ఎగిరి గదిలోకే పోతుంది. తీరా చూస్తే కరెంటు కాయిల్‌కి పెద్ద తేడా ఏమీ ఉండదు.

టేపు తీసుకుని ఇంకో రెండు కొలతలు చూడండి. స్టవ్ మీద మైక్రోవేవ్ బిగించి ఉందా? బర్నర్‌కీ దాని అడుక్కీ మధ్య ఖాళీ ఎంత? 10 గ్యాలన్ల గిన్నె ఎత్తే దాదాపు 15 అంగుళాలు ఉంటుంది. గిన్నె దూరినా, గరిటె దూరదు. గరిటె దూరినా, ధాన్యం సంచిని పైకి లాగడానికి చోటుండదు. రెండోది, గ్లాస్‌టాప్ స్టవ్ అయితే దాని మాన్యువల్ తీసి, గిన్నె అడుగు బర్నర్ వలయం దాటి ఎంత వరకు ఉండొచ్చో, ఎంత బరువు పెట్టొచ్చో చదవండి. పగిలిన గ్లాస్‌టాప్ ఖర్చు ముందు గిన్నె ఖర్చు ఒక లెక్కలోది కాదు.

ప్రొపేన్ బర్నర్ ఉన్నవాళ్ల కథ వేరు. 50,000 బీటీయూలు, ఆ పైన ఇచ్చే బర్నర్ మీద 10 గ్యాలన్ల గిన్నె దర్జాగా మరుగుతుంది. కానీ అది ఆరుబయటే. గరాజ్ తలుపు ఎత్తి పెట్టాం కదా అని లోపల వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో అయితే చాలాచోట్ల సిలిండరే పెట్టనివ్వరు, లీజు చదవండి.

2. మీకు నిజంగా ఎన్ని సీసాలు కావాలి?

రెసిపీలు చాలావరకు 5 గ్యాలన్లకే రాసి ఉంటాయి కాబట్టి మనమూ 5 గ్యాలన్లే చేయాలనుకుంటాం. ఎవరు చెప్పారు? 5 గ్యాలన్లంటే 12 ఔన్సుల సీసాలు 53. అడుగున మిగిలే మడ్డి తీసేస్తే యాభై అనుకోండి. భార్యాభర్తలిద్దరూ శనివారం రాత్రి చెరో రెండు తాగితే మూడు నెలలు వస్తుంది. ఐపీఏ లాంటి హాప్స్ ఘాటు బీరు మూడో నెలకి తన సువాసన చాలావరకు పోగొట్టుకుంటుంది. ఎప్పుడూ ఇంటినిండా స్నేహితులుంటారా, అది వేరే విషయం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా ఓటు రెండున్నర గ్యాలన్లకే. పాతిక సీసాలు వస్తాయి. రెసిపీలో ఉన్నవన్నీ సగం చేయండి, అంతే. డ్రై ఈస్ట్ ప్యాకెట్ మాత్రం పూర్తిగా వేసినా ఇబ్బంది లేదు. బీరు పాడైతే పోయేది సగమే. బాగుంటే త్వరగా అయిపోతుంది, మళ్లీ చేస్తారు. చేయి తిరిగేది అలాగే.

ఒక గ్యాలన్ కిట్లు కూడా దొరుకుతాయి. వాటికి ఇంట్లో ఉన్న 2 గ్యాలన్ల గిన్నె సరిపోతుంది. కానీ పది సీసాల కోసం పూట పూటంతా నిలబడాలి, కడిగే గిన్నెలు అవే ఉంటాయి. ఒకసారి సరదాకి చేసి చూడొచ్చు.

3. పద్ధతిని బట్టి లెక్క మారుతుంది

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. గిన్నెల విషయంలో వచ్చే గందరగోళమంతా ఇక్కడే. ఒకే 5 గ్యాలన్ల బీరుకి ఒకరు 5 గ్యాలన్ల గిన్నె చాలంటారు, ఇంకొకరు 10 కావాలంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చేసే పద్ధతులు వేరు.

మొదటి పద్ధతి: మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో, కొంత నీరు మాత్రమే మరిగించడం. చిక్కటి పాకంలాగో పొడిగానో డబ్బాలో వచ్చే ఎక్స్‌ట్రాక్ట్‌ని రెండున్నర, మూడు గ్యాలన్ల నీళ్లలో కలిపి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చాక ఫెర్మెంటర్‌లో పోసి, ముందే కాచి చల్లార్చిన నీళ్లతో 5 గ్యాలన్లు చేస్తారు. 5 గ్యాలన్ల గిన్నె చాలు. దీనికో ఇబ్బంది ఉంది. తక్కువ నీళ్లలో ఎక్స్‌ట్రాక్టంతా చిక్కగా మరిగితే బీరు రంగు ముదురుతుంది, హాప్స్ చేదు తగ్గుతుంది. ఎక్స్‌ట్రాక్ట్ సగం మొదట్లో వేసి, మిగతా సగం ఆఖరి పది పదిహేను నిమిషాల్లో వేయండి, చాలావరకు సర్దుకుంటుంది. వేసే ప్రతిసారీ బర్నర్ ఆపేయండి. ఎక్స్‌ట్రాక్ట్ నేరుగా అడుగుకి జారి మాడుతుంది. మాడిన వాసన ఆ బీరుని చివరి సీసా దాకా వదలదు.

రెండో పద్ధతి: మొత్తం నీటినీ మరిగించడం. లెక్క వెనక నుంచి రండి. ఫెర్మెంటర్‌లోకి 5 గ్యాలన్లు వెళ్లాలి. గిన్నె అడుగున హాప్స్ మడ్డితో అర గ్యాలన్ మిగిలిపోతుంది. గంటలో ఒక గ్యాలన్ ఆవిరవుతుంది. మొత్తం ఆరున్నర. పొంగడానికి చోటు వదలాలి కాబట్టి 8 గ్యాలన్ల గిన్నెతో ఎలాగో సర్దుకోవచ్చు, 10 గ్యాలన్లదైతే ప్రాణం హాయిగా ఉంటుంది.

మూడోది: సంచి పద్ధతి. ఎక్స్‌ట్రాక్ట్ వాడకుండా, పిండిగా కాకుండా బరకగా పగలగొట్టిన బార్లీ మాల్ట్‌ని వలలాంటి పెద్ద గుడ్డసంచిలో వేసి, వేడినీళ్ల గిన్నెలో గంటసేపు నానబెట్టి, సంచి పైకి తీసి, మిగిలిన తియ్యటి రసాన్ని, అంటే వర్ట్‌ని, మరిగిస్తారు. నాకు ఇదే ఇష్టం. ఒకే గిన్నె, ఒకే సంచి. వంటిల్లంతా హార్లిక్స్ వాసన వేస్తుంది. అందులోనూ ఉన్నది బార్లీ మాల్టే కదా.

కానీ గిన్నెని అసలు పరీక్షించేది ఈ పద్ధతే. 5 గ్యాలన్ల మామూలు బీరుకి 12 పౌండ్ల ధాన్యం అనుకుందాం. మరిగించడానికి ఆరున్నర గ్యాలన్లు ఉండాలి. ధాన్యం పీల్చుకుని తనలో ఉంచేసుకునేది ఇంకో గ్యాలన్. అంటే మొదట్లోనే ఏడున్నర గ్యాలన్ల నీళ్లు పోయాలి. అందులో 12 పౌండ్ల ధాన్యం మునిగితే మట్టం ఇంకో గ్యాలన్ పెరుగుతుంది. ఎనిమిదిన్నర! 8 గ్యాలన్ల గిన్నె కొన్నవాళ్లకి నేల తుడుచుకునే పని అప్పుడే మొదలవుతుంది. కాబట్టి ఇక్కడ 10 గ్యాలన్లకి తక్కువ కుదరదు. 15, 16 పౌండ్ల ధాన్యం పట్టే ఘాటైన స్టౌట్‌లు తరచూ చేస్తారా? అప్పుడు 15 గ్యాలన్లది చూడండి.

ఇదే సంచి పద్ధతి రెండున్నర గ్యాలన్లకి చేస్తే? ధాన్యం ఐదున్నర పౌండ్లు. నీళ్లు నాలుగు గ్యాలన్లు. ధాన్యం మునిగాక మట్టం 4.4 గ్యాలన్లు. 30 సెంటీమీటర్ల వెడల్పున్న 5 గ్యాలన్ల గిన్నెలో అంచు కింద ఇంకా మూడు సెంటీమీటర్లు మిగులుతుంది. ఇరుకే, కానీ పడుతుంది. నానబెట్టేటప్పుడు మరగదు కాబట్టి భయం లేదు. సంచి తీశాక మూడున్నర గ్యాలన్లు మిగులుతాయి, పైన మూడంగుళాల ఖాళీ. అంటే వంటింటి స్టవ్, 20 క్వార్టుల గిన్నె, ఓ గుడ్డసంచి ఉంటే ఎక్స్‌ట్రాక్ట్ అవసరమే లేకుండా అసలు ధాన్యంతో బీరు చేసుకోవచ్చన్నమాట. 10 గ్యాలన్ల గిన్నె కొంటే తప్ప ఆ ముచ్చట తీరదని చాలామంది అనుకుంటారు.

ఒక జాగ్రత్త. బ్రిటిష్ పుస్తకం చూసి చేస్తుంటే అక్కడి గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.785. వాళ్ల 5 గ్యాలన్లంటే దాదాపు 23 లీటర్లు, మన లెక్కలో ఆరు గ్యాలన్లు. లండన్‌లో ఉన్న బావగారు "30 లీటర్లది తీసుకో, హాయిగా సరిపోతుంది" అంటే ఆయన కొలతతో, ఆయన పద్ధతికి అంటున్నారని గుర్తుంచుకోండి.

4. పైన ఖాళీ వదలండి, వదిలినా కదలకండి

గృహప్రవేశంలో పాలు పొంగితే అందరం చప్పట్లు కొడతాం. వర్ట్ కూడా అచ్చం అలాగే పొంగుతుంది, ఒక్క క్షణం కిందటి దాకా ఏమీ ఎరగనట్టు ఉండి. కానీ పాలు ఒక గుక్కెడు పొంగి ఆగుతాయి. ఇక్కడ లీటర్ల లెక్కన బర్నర్ మీదికి దిగి, పంచదార పాకంలా మాడి, కాయిల్ కింద గిన్నెలోకి, స్టవ్ పక్క సందులోకి చేరుతుంది. అది గీకి తీయడానికి ఆదివారం సరిపోదు.

మరిగే ముందు గిన్నె ముప్పాతిక దాటి నిండకూడదు. నా కొలత ఇదే. ఆరున్నర గ్యాలన్లు కాగేసరికే పావు గ్యాలన్ పెరుగుతాయి, అది వేడికి వ్యాకోచించడం. నురగ దాని పైన. మరగడానికి కాస్త ముందు నురగ దళసరి అట్టలా లేస్తుంది. ఆ నాలుగైదు నిమిషాలే ప్రమాదం. హాప్స్ వేసినప్పుడు ఇంకోసారి లేస్తుంది. ఆ సమయంలో ఫోన్ ఎత్తకండి. పక్కన చన్నీళ్ల స్ప్రే సీసా పెట్టుకుని నురగ మీద కొట్టండి, బర్నర్ తగ్గించండి. నురగ విరిగి, తెల్లటి పీచుల్లాంటి ముక్కలు వర్ట్‌లో గింగిరాలు తిరగడం మొదలయ్యాక పెద్ద గండం గడిచినట్టే.

5. మరీ పెద్దది కొంటే ఏమవుతుంది?

ఇది ఎవరూ చెప్పరు. 15 గ్యాలన్ల గిన్నె వెడల్పు 17 అంగుళాలనుకోండి. అందులో మీరు రెండున్నర గ్యాలన్లు పోస్తే లోతు రెండున్నర అంగుళాలు. గిన్నెకి బిగించి ఇచ్చిన థర్మామీటర్ దానికి పైనే ఉండి, గాలి వేడి చూపిస్తుంటుంది. చల్లార్చే రాగి చుట్టలో సగం చుట్లు బయటే ఉంటాయి. వెడల్పాటి నోరు కాబట్టి ఆవిరి దండిగా పోతుంది. 12 అంగుళాల నోరు 16 అయితే ఆవిరి పోయే వైశాల్యం ముప్పాతిక వంతుకు పైగా పెరుగుతుంది. గంటయ్యేసరికి తేలిక బీరు చేద్దామనుకున్నవారికి చిక్కటి పాకం మిగులుతుంది. పెద్ద గిన్నెలో చిన్న వంట కుదురుతుందన్న ధీమా బీరు విషయంలో కొంతవరకే నిజం.

ఆకారం విషయంలో, ఎత్తు వెడల్పు దాదాపు సమానంగా ఉన్నది చూడండి. లోపలి వెడల్పు 36 సెంటీమీటర్లుంటే ఒక సౌకర్యం: సెంటీమీటరు ఎత్తుకి దాదాపు సరిగ్గా ఒక లీటరు. మామూలు స్కేలు ముంచితే చాలు, ఎన్ని లీటర్లుందో తెలిసిపోతుంది. వేరే వెడల్పైతే పొడవాటి కొయ్యగరిటె తీసుకుని, గిన్నెలో అర గ్యాలన్ చొప్పున నీళ్లు పోస్తూ, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ చాకుతో గాటు పెట్టుకోండి. ఆ గరిటె ఆ గిన్నెకే.

6. మరిగాక అది ఎవరు ఎత్తాలి?

గంట మరిగాక మిగిలేది ఐదున్నర గ్యాలన్లు. ఇరవై ఒక్క కిలోలకి పైనే, గిన్నెతో కలిపి పాతిక దాటుతుంది. అది వంద డిగ్రీల దగ్గర ఉంది. స్టవ్ నుంచి సింక్ దాకా నాలుగడుగులు. మధ్యలో పిల్లాడి బొమ్మ ఉండదని హామీ ఉందా? బాత్‌టబ్‌లో ఐస్ వేసి అక్కడికి మోసుకెళ్దాం అనే ఆలోచన అయితే అసలు వద్దు.

8 గ్యాలన్లు, ఆ పైన గిన్నె కొనేవాళ్లు కింద కుళాయి ఉన్నదే తీసుకోండి. ఎక్కువ డబ్బు పెట్టాల్సింది దీని మీదే. థర్మామీటర్, చెక్కిన కొలతలు, తళతళలాడే మూత లేకపోయినా గడిచిపోతుంది. కుళాయి ఉంటే రాగి చుట్టతో గిన్నె ఉన్నచోటే చల్లార్చి, గొట్టంతో ఫెర్మెంటర్‌లోకి దింపుకోవచ్చు, ఎత్తే పనే ఉండదు. 5 గ్యాలన్ల గిన్నెలో మూడు గ్యాలన్లే ఉంటాయి కాబట్టి కుళాయి లేకపోయినా పర్వాలేదు. ఐస్ నీళ్ల సింకులో కూర్చోబెట్టొచ్చు. కొనేముందు మీ సింకు లోపలి కొలత, కుళాయి ముక్కు కింద ఖాళీ చూసుకోండి.

7. ఏ లోహం?

స్టెయిన్‌లెస్ స్టీల్, మందమైన అడుగు. మాట అయిపోయింది. ఇండక్షన్ స్టవ్ అయితే అడుక్కి అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూడండి.

అల్యూమినియం చవక, వేడి త్వరగా పాకుతుంది, చక్కగా పనికొస్తుంది కూడా. మొదటిసారి వాడేముందు అరగంట నీళ్లు మరిగించండి. లోపల బూడిదరంగు పొర కడుతుంది. ఆ పొరే రక్ష, దాన్ని పీచు పెట్టి తోమి మెరిపించకండి. బ్లీచ్, ఆక్సిజన్ క్లీనర్లు తగలనివ్వకండి.

మీ కళ్లు అటక మీదున్న బిర్యానీ డేగిసా వైపు వెళ్తున్నాయని నాకు తెలుసు. 30 క్వార్టులుంటుంది, అల్యూమినియమే, ఊరికే పడుంది. నన్నడిగితే వద్దు. ఎంత తోమినా అంచు మడతలో నూనె జిడ్డు ఉంటుంది. బీరు నురగకి జిడ్డే మొదటి శత్రువు. మసాలా వాసన ఉండనే ఉంది. పులుసులు కాచి ఉంటే చింతపండు ఆ రక్ష పొరని తినేసి ఉంటుంది. బిర్యానీ గిన్నె బిర్యానీకి, బీరు గిన్నె బీరుకి. ఇంట్లో శాంతి కూడా ఉంటుంది.

మరి ఏది కొనాలి?

అపార్ట్‌మెంట్, గ్లాస్‌టాప్ స్టవ్, వచ్చే ఏడాది ఏ ఊళ్లో ఉంటారో తెలియదు: 5 గ్యాలన్లది, 12 అంగుళాల వెడల్పు, కుళాయి అక్కర్లేదు. రెండున్నర గ్యాలన్లు సంచి పద్ధతిలో చేయండి, లేదా ఎక్స్‌ట్రాక్ట్‌తో 5 చేయండి.

సొంతిల్లు, వెనక పేషియో, ప్రొపేన్ బర్నర్: 10 గ్యాలన్లది, కుళాయితో. 8 గ్యాలన్లది తగ్గింపు ధరకి కనిపించినా అటు చూడకండి. ఎక్స్‌ట్రాక్ట్ నుంచి ధాన్యానికి మారిన రోజున అది చాలదు.

ఇద్దరు మిత్రులు కలిసి ఒకేసారి రెండు 5 గ్యాలన్ల కెగ్‌లు నింపాలనుకుంటున్నారా? 15 గ్యాలన్లది కనీసం, 20 అయితే మేలు. దాన్ని మోయడానికి, కడగడానికి ఆ రెండో మిత్రుడు నిజంగా వస్తాడా అన్నది ముందు తేల్చుకోండి.

ఆల్రెడీ 5 గ్యాలన్లది కొనేశారు, స్టవ్ మీదే పూర్తిగా మరిగించి 5 గ్యాలన్లు చేయాలనుంది? ఇంకో 5 గ్యాలన్ల గిన్నె కొని, రెండు బర్నర్ల మీద మూడుంపావు గ్యాలన్ల చొప్పున మరిగించండి. హాప్స్ చెరిసగం. రెండు నోళ్ల నుంచీ ఆవిరి పోతుంది కాబట్టి నీళ్లు కాస్త ఎక్కువ పోసుకోవాలి. ఒక్కో గిన్నె చేత్తో ఎత్తగలిగే బరువే.

గిన్నె ఇంటికొచ్చాక మాల్ట్ సంచి విప్పకండి. ఒక సాయంత్రం ఉత్త నీళ్లతో నడిపించండి. మీ మామూలు కొలత పోసి, మూత తీసి, సరిగ్గా గంట మరిగించి, చల్లారాక గరిటె గాట్లతో ఎంత తగ్గిందో చూడండి. మరగడానికి ఎంతసేపు పట్టిందో, మీ వంటింటి ఫ్యాన్ అంత ఆవిరిని బయటికి పంపుతోందో, లేక అల్మారా తలుపుల మీద చెమటలా పట్టిస్తోందో కూడా గమనించండి. గంటకి ముప్పావు గ్యాలన్ తగ్గితే ముప్పావు, ఒకటింపావు తగ్గితే ఒకటింపావు. రెసిపీలో రచయిత వేసుకున్న అంకె కొట్టేసి మీది రాసుకోండి. నీళ్లు పోసే లెక్క ఇకపై దాన్ని బట్టే.